బున్మి దగ్గర నేర్చుకున్న లెక్క

పోయిన నెల సువార్తక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. నరసాపురంలో ఆదరణ కూటానికి వెళ్తే, భోజనాలయ్యాక వాళ్ళమ్మాయి నా పక్కకి కుర్చీ లాక్కుని, "ఆంటీ, అమ్మ గురించి చిన్న పుస్తకం వేస్తున్నాం. దుబాయ్‌లో మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారుగా, ఓ రెండు పేజీలు రాసివ్వండి" అంది. రాసిచ్చాను. ప్రార్థనాపరురాలు, చేతి వంట అమృతం, ఊరుకాని ఊళ్ళో నాలాంటి వాళ్ళకి తల్లి తర్వాత తల్లి అని రాశాను. అన్నీ నిజాలే, ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాని రాయకుండా వదిలేసింది ఒకటుంది. అక్క బతికుండగా అది కాగితం మీద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు కూడా ఆ పుస్తకానికి అది పనికిరాదు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా వాళ్ళంతా దుబాయ్ దుబాయ్ అనేవాళ్ళు గాని, నేను పనిచేసింది ఆ పక్కనున్న ఉమ్ అల్ క్వైన్‌లో. ముప్పై మంచాల చిన్న ఆసుపత్రి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. వీసా ఇప్పించింది సువార్తక్కే, ఆవిడ అప్పటికే ఆపరేషన్ థియేటర్లో పెద్ద నర్సు. ఆసుపత్రి పైఅంతస్తులో మా క్వార్టర్స్. మూడు గదులు, ఒక్కటే వంటిల్లు. మొదటి రెండు గదులు నర్సులవి, చివరిది శుభ్రం చేసే ఆడవాళ్ళది. పొద్దున్నే లేవగానే అక్క వంటింట్లో నిలబడి, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పాత హార్లిక్స్ సీసాలో వేసేది. అది చర్చి బియ్యం. మా ఊళ్ళలో ప్రతి క్రైస్తవుల ఇంట్లోనూ అలాంటి సీసా ఒకటుండేది. పరాయి దేశంలో ఆ బియ్యం ఎవరికిస్తావక్కా అంటే, "ఎవరికో ఒకరికిస్తాను, నీకెందుకే? అలవాటు తప్పితే చేతికి మంచిది కాదు" అనేది. ఆ వంటింట్లో పొద్దున డెట్టాల్ వాసన, మధ్యాహ్నం మా ఎండు రొయ్యల వాసన. సాయంత్రం ఇంకో వాసన వచ్చేది, ఊరబెట్టిన చేపల వాసన. అది బున్మిది.

బున్మి చివరి గది మనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొట్టిగా, గట్టిగా, కాలికి చెప్పు లేకుండా తిరిగేది. నాకు ఆమె మీద మొదటి రోజునుంచే అనుమానం. నా సంగతి నేనే చెప్పుకోవాలి, నేను పుట్టుకతోనే అనుమానం మనిషిని. మా అమ్మ నన్ను "సీఐడీ" అని పిలిచేది. పాలవాడు నీళ్ళు కలిపాడని నేను చెప్పాకే మా ఇంట్లో ఎవరైనా చెంబులోకి చూసేవాళ్ళు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడినట్టు నాకు లోకమంతా దొంగలే. నువ్వు థాయ్ కదా అని బున్మిని అడిగితే, "పాస్‌పోర్ట్ థాయ్. నేను లావో" అంది నవ్వుతూ. అంతే, ఇంకేం కావాలి నాకు? పాస్‌పోర్టులో ఒకటి, నోట్లో ఒకటి! ఈమె దొంగ కాగితాలతో వచ్చిందని తేల్చేశాను. మెకాంగ్ నదికి థాయిలాండ్ వైపున్న పల్లెల్లో లక్షలమంది ఇంట్లో మాట్లాడేది లావోయేనని, తమని తాము లావో అనే చెప్పుకుంటారని ఎన్నో ఏళ్ళకిగాని నాకు తెలియలేదు. తరతరాలుగా మద్రాసులో ఉన్న మన తెలుగువాళ్ళని ఎవరైనా నువ్వు అరవోడివా తెలుగోడివా అని నిలదీస్తే ఎలా ఉంటుందో, నేనామెని అలా నిలదీశాను.

దానికి తోడు, ఆమె లెక్కపెట్టేది. కనపడ్డవన్నీ లెక్కపెట్టేది. ట్రేలో గుడ్లు, తీగ మీద ఆరేసిన బట్టలు, గుమ్మంలో చెప్పులు, ఆసుపత్రి ముందు ఆగిన కంపెనీ బస్సులు. పైగా పైకే, పాట పాడినట్టు. మన పిల్లలు దాగుడుమూతల్లో లెక్కపెట్టినట్టు వట్టి అంకెలు కాదు, ప్రతి అంకె వెనకాలా ఇంకో మాట వేలాడేది. ఆ వెనక మాట ఒక్కోసారి ఒక్కోటి. నాకు గుండె దడ. ఈమె మా పైఅధికారి మేట్రన్ పెట్టిన మనిషి, మా గదిలో ఎన్ని గుడ్లున్నాయో ఎన్ని బట్టలున్నాయో కిందికి మోస్తోంది, ఆ వెనక మాటల్లో ఏదో గుట్టుంది అనుకున్నాను. అక్కతో అంటే, "నీ గుడ్లెవరికి కావాలే తల్లీ, పడుకో" అంది. నేను పడుకునే రకమా? మంచిగా మాట్లాడుతూ ఆ లెక్క నేర్చుకుని గుట్టు బయటపెడదామని నిశ్చయించుకున్నాను. ఒక భాష మీద ప్రేమతో నేర్చుకునేవాళ్ళుంటారు, అవసరానికి నేర్చుకునేవాళ్ళుంటారు. నేను కూపీ లాగడానికి నేర్చుకున్నాను.

నేర్చుకోవడానికి చోటు కూడా దొరికింది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక థియేటర్ పక్క గదిలో మేమిద్దరం గాజ్ గుడ్డలు మడతపెట్టేవాళ్ళం. ఇప్పటిలాగా అప్పుడు ప్యాకెట్లలో వచ్చేవి కావు. తానుల్లో వచ్చేది. కత్తిరించి, అంచుల దారాలు లోపలికి పోయేలా మడిచి, పదేసి గుడ్డలు ఒక కట్టగా దారంతో కట్టి, స్టీలు డ్రమ్ములో పేర్చి ఆవిరికి పంపాలి. ఆపరేషన్లో ఆ గుడ్డలతోనే రక్తం అద్దుతారు. లోపలికి ఎన్ని వెళ్ళాయో అన్నీ బయటికి రావాలి, అప్పుడే కడుపు కుట్టాలి. కట్ట అంటే పది, అది దేవుడు రాసిన మాట కింద లెక్క. గదంతా ఆవిరికి ఉడికిన నూలుగుడ్డ వాసన. బున్మి వేళ్ళు చకచకా ఆడుతుంటే నేను నెమ్మదిగా మాటల్లోకి దింపేదాన్ని. "గుడ్లెలా లెక్కపెడతావు?" ఆమె సంబరంగా చెప్పేది. "ఖై సామ్ నువై." గుడ్లు మూడు, ఆ చివర 'నువై' గుండ్రటి వాటికి. చేపలైతే "పా సోంగ్ తో", ప్రాణులకి 'తో'. సూదులకి 'లెమ్', దారాలకి 'సెన్', మనుషులకి 'ఖొన్'. మా చేతిలో గాజ్ గుడ్డకి 'ఫూన్'. సోంగ్ ఫూన్, సామ్ ఫూన్, సీ ఫూన్. ఒక్కటికి మాత్రం అంకె వెనక్కి వెళ్ళేది, "ఫూన్ నుంగ్" అనేది. ఒకటికి ఎందుకమ్మా ఈ తిరకాసు అంటే భుజాలెగరేసింది. "ఒకటి అంతే, సిస్టర్."

ఇంత చేసి తేలిందేమిటి? గుట్టు లేదు, గాడిదగుడ్డూ లేదు. మనం మల్లెపూలు మూర లెక్కన, అరటిపళ్ళు అత్తం లెక్కన, తమలపాకులు కట్ట లెక్కన కొంటాం కదా, వాళ్ళు లోకంలో ఉన్నవాటన్నిటికీ అలా ఒక్కో మాట కట్టబెట్టారు. నీకెంతమంది పిల్లలు అని ఒకరోజు ఆమె భాషలోనే అడగబోయి, "లూక్ సోంగ్ తో?" అన్నాను. బున్మి గుడ్డ పడేసి పకపకా నవ్వింది, నా చేతి మీద ఒక్కటేసింది. "తో కాదు సిస్టర్! ఖొన్! లూక్ సోంగ్ ఖొన్!" పిల్లలు రెండు అన్నట్టు అన్నానన్నమాట, ఇద్దరు అనాలి. ఇద్దరూ వాళ్ళ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారట. రెండేళ్ళ ఒప్పందం పూర్తిచేస్తే మళ్ళీ రావచ్చు, మధ్యలో పంపించేస్తే పాస్‌పోర్టులో ముద్ర పడుతుంది, ఇంక గల్ఫ్‌లో ఎక్కడా అడుగుపెట్టనివ్వరు అంది. ఆమెకి భయమంటూ ఉన్నది ఆ ముద్రంటేనే. ఇవన్నీ విన్నాక మామూలు మనిషైతే మెత్తబడుతుంది. నేను మాత్రం, ఇంత తియ్యగా చెప్తోందంటే ఇంకేదో దాస్తోంది అనుకున్నాను.

ఆ దాచేదేమిటో దొరికిందని కూడా అనుకున్నాను. ఒక సాయంత్రం వంటింట్లో బున్మి అన్నం వండుతోంది. వాళ్ళది జిగురుబియ్యం, ఎసట్లో ఉడికించరు, ఆవిరి మీద ఉడికిస్తారు. మన ఇడ్లీరేకుల మీద తడిగుడ్డ పరిచినట్టు, చిల్లుల గిన్నెలో ఒక పల్చటి గుడ్డ పరిచి దానిమీద బియ్యం పోసింది. ఆ గుడ్డ ఏమిటనుకున్నారు? మా గాజ్! నా ఒళ్ళంతా కళ్ళయ్యాయి. తాను కత్తిరించాక మిగిలిన వంకర ముక్కలు చెత్తబుట్టలోకే పోతాయి, ఆమె తెచ్చుకుంది ఆ ముక్కల్లోదే. అడిగితే చెప్పేది. అడిగితే కదా! మనసులో పదిలంగా రాసిపెట్టుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకి ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. నాన్న పోయాడు. ఉత్తరం నా చేతికొచ్చేసరికి సమాధి చేసి మూడు వారాలు దాటింది. ఏడ్చాను. అక్క నా నెత్తి మీద చెయ్యివేసి ప్రార్థన చేసింది. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టమంటే పెట్టలేదు, గదిలో ఒక్కదాన్నీ కూచుంటే పిచ్చెక్కేలా ఉంది. వెళ్ళి గాజ్ మడతపెడుతూ కూచున్నాను. బున్మి నా మొహం చూసి ఆ రోజు లెక్క పైకి పెట్టలేదు. ఇద్దరం డ్రమ్ము నింపాం. నేను చెయ్యి ఎలా కదిలించానో, ఎన్ని కట్టలు కట్టానో నాకు తెలియదు. కళ్ళముందంతా ఊళ్ళో మేం ధాన్యం నూర్చే కళ్ళమూ, నాన్నా.

రెండు రోజుల తర్వాత పేగు పగిలే స్థితిలో ఒక మనిషిని తెచ్చారు. జగిత్యాల వైపు మనిషి, కట్టడం పనివాడు, మల్లయ్య. క్షణం తీరిక లేదు. సువార్తక్క డ్రమ్ము తెరిచి కట్టలు లెక్కపెట్టుకుంది, విప్పి గుడ్డలు లెక్కపెట్టుకోలేదు. రూలైతే విప్పి లెక్కపెట్టాలి. అంత హడావుడిలో ఎవరు చేస్తారు, కట్ట అంటే పదేగా! కడుపు కుట్టేముందు లెక్క చూస్తే ఒక గుడ్డ తక్కువ. మళ్ళీ లెక్క, మళ్ళీ తక్కువ. డాక్టరుగారు తెరిచిన కడుపుని మూయకుండా ముప్పావుగంట వెతికారు. బకెట్లు బోర్లించారు, బల్ల కింద పాకారు, లేదు. చివరికి మూసేశారు. మల్లయ్యకి జ్వరం రాకుండా దేవుడే కాపాడాడు. లేచాక నన్ను పిలిచి, "ఏందక్కా, నా కడుపుల గంతసేపు ఏం దేవులాడిండ్రు? బంగారం దొరికిందా?" అని అడిగాడు. నవ్వాను. నవ్వడం తప్ప ఏం చెయ్యగలను?

మర్నాడు పొద్దున మేట్రన్ నన్నూ బున్మినీ గదికి పిలిచింది. గుడ్డ ఎక్కడా దొరకలేదంటే కట్టలోనే తక్కువుండాలి, కట్టలు కట్టింది మీరిద్దరే, తొమ్మిది గుడ్డల కట్ట ఎవరిది అంది. బున్మి నావైపు చూసింది, తెలియదని తలూపింది. నేను ఆగలేదు. నెలల తరబడి నాలుక చివర పెట్టుకున్నదంతా కక్కేశాను. "మేడమ్, ఆమె అన్నం గిన్నెలో మన గాజ్ ఉంటుంది. నేను కళ్ళారా చూశాను." ఆయాని పంపి గిన్నె తెప్పించారు. గుడ్డ దొరికింది. వంకర ముక్క అని బున్మి చేతులతో చూపిస్తోంది, వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ, రెండు అరబ్బీ ముక్కలూ కలిపి "కచ్రా, కచ్రా, బండిల్ మాఫీ" అంటోంది, చెత్తలోది, కట్టలోది కాదని. ఎవరు వింటారు? మేట్రన్ ఫైలు మూసేసింది. "ఖలాస్. గురువారం ఫ్లైటు." ముద్ర సంగతి చెప్పనక్కర్లేదు. బయటికొచ్చాక నాకెంత గర్వమో! నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, ఎవరైనా విన్నారా అని అక్కతో రెండుసార్లు అన్నాను.

మంగళవారం గాజ్ గదిలో నేనొక్కదాన్నే కూచున్నాను. గుడ్డలు మడుస్తున్నాను, కడుతున్నాను. మూడో కట్టకి దారం చుడుతూ చూస్తే, బల్ల మీద నా ఎడమచేతి వైపు ఒక్క గుడ్డ విడిగా ఉంది. దాన్నక్కడ ఎవరు పెట్టారు? గదిలో నేను తప్ప ఎవరూ లేరు. చేతిలో ఉన్న కట్ట విప్పి లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్ళీ పైకి లెక్కపెట్టాను. అప్పుడు నా నోట్లో మాట నాకే వినపడింది. మా నాన్న కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మా వైపు ఎవరూ అనరు. మొదటి కుంచం ఎత్తి "లాభం" అంటారు, తర్వాతది రెండు, ఆ తర్వాత మూడు. మా నాన్న ఆ లాభం కుంచాన్ని రాశిలో పోసేవాడు కాదు. ఎడమవైపు పరిచిన గోనె మీద విడిగా పోసేవాడు. అది ప్రథమ ఫలం, చర్చిది. లెక్కలో అది ఉంటుంది, రాశిలో ఉండదు. పదీ అనేసరికి రాశిలో తొమ్మిది కుంచాలే ఉంటాయి. చిన్నప్పుడు ఆ గోనె పట్టుకునేది నేనే. నాన్న పోయాడని తెలిసిన దగ్గర్నుంచి నా చెయ్యి నా మాట వినడం మానేసి ఆయన మాట వింటోంది. లాభం అని ఎడమవైపు పెడుతోంది, రెండు అని మొదలుపెడుతోంది. మామూలుగా ఇంగ్లీషులో లెక్కపెట్టేదాన్ని, ఎప్పుడు తెలుగులోకి దిగానో, ఎన్ని కట్టల్లో ఎన్ని గుడ్డలు నాన్న పేరున పక్కన పెట్టానో ఆ దేవుడికే తెలియాలి.

పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళి అక్కకి చెప్పాను. ఆమె చేప ముక్కలకి కారం పట్టిస్తోంది. చెయ్యి ఆపలేదు. అంతా విని, కుళాయి తిప్పి చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు అంది. "ఎవరికైనా చెప్పావా?" లేదన్నాను. "చెప్పకు." ఏమిటక్కా అలా అంటావు అంటే, నా భుజాలు పట్టుకుని కూచోబెట్టింది. "పిచ్చిదానా, విను. నీకింకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఈ మాట మేట్రన్ చెవిన పడిందా, గురువారం ఫ్లైటులో ఆమె బదులు నువ్వెక్కుతావు. మీ నాన్న లేడు. తమ్ముడు చదువుకుంటున్నాడు, అమ్మకి నువ్వు తప్ప ఎవరున్నారే? ఆమెకి ఆమె దేవుడున్నాడు." అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి నా కోసమేనని నాకు తెలుసు. అందుకే ఆ మాట కాదనడం నాకంత కష్టమైంది. చెడ్డవాళ్ళు చెడు చెప్తే కాదనొచ్చు. మనల్ని కడుపులో పెట్టుకున్నవాళ్ళు చెప్తే ఏం చేస్తాం?

మంగళవారమంతా ఊరుకున్నాను. బుధవారం మధ్యాహ్నం దాకా ఊరుకున్నాను. అన్నం సహించలేదు. గోడవతల బున్మి సామాను సర్దుకుంటున్న చప్పుడు. లెక్కపెట్టడం లేదు, వట్టి చప్పుడే. ఇంక నా వల్ల కాలేదు. అక్కకి చెప్పకుండా గాజ్ పట్టుకుని మేట్రన్ గదికి వెళ్ళి, బల్ల మీద పరిచి, నా చెయ్యి ఎలా కదిలిందో చేసి చూపించాను. ఆ మహాతల్లికి కళ్ళమేమిటో కుంచమేమిటో అర్థం కాలేదు గాని, తొమ్మిది అర్థమైంది. డ్రమ్ములో మిగిలిన కట్టలు విప్పించింది, నేను కట్టినవాటిలో ఇంకో రెండు తొమ్మిదివే. నన్ను థియేటర్ నుంచి తీసేసి కింద డ్రెస్సింగ్ గదిలో వేసింది, మెమో ఇచ్చింది, ఉద్యోగం ఖాయం చెయ్యనంది. ఒప్పందం అయ్యేదాకా ఉండి వెళ్ళిపొమ్మంది. బున్మి టికెట్ రద్దు చేసింది. అక్క నాతో రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు, అయినా నా కంచంలో ముందు వడ్డించడం మాత్రం మానలేదు. అదీ అక్క.

ఆ సాయంత్రమే బున్మి గదికి వెళ్ళాను. పెట్టె మీద కూచుని ఉంది. నాకొచ్చిన లావో అంతా లెక్కే, అంకెలూ వాటి తోకలూ. అదే వాడుకున్నాను. "కావ్ ఫూన్" అన్నాను, తొమ్మిది గుడ్డలు. నా గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "నేను. నా చెయ్యి. నువ్వు కాదు" అన్నాను. క్షమించమన్నాను, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. ఏడ్చాను కూడా. ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు నేను ఎరుగుదును, నెలల తరబడి నేనామెని చూసిన చూపే అది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "సిస్టర్, ఇప్పుడు నా దగ్గర నీకేం కావాలి?"

ఇప్పుడు మా మేనకోడలు విజయవాడలో థియేటర్ నర్సు. గుడ్డలన్నీ ఫ్యాక్టరీ నుంచే లెక్కతో వస్తాయట, ఎక్స్‌రేలో కనపడేలా లోపల నీలం దారం ఉంటుందట, గోడమీద బోర్డు, ఇద్దరి సంతకాలు. ఎవరినీ అనుమానించనక్కర్లేదు అత్తా అంటుంది. నిజమే, మంచిదే. మా కాలంలో మనుషుల చేతులే లెక్క, ఆ చేతుల్లో ఏ ఊరి అలవాటు ఎప్పుడు లేస్తుందో తెలిసేది కాదు. నా అనుమానాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పాలచెంబులోకి ఇంకా చూస్తాను. కాకపోతే ఎదుటివాళ్ళ చేతుల్ని చూసేముందు ఒకసారి నా చేతుల్ని చూసుకుంటాను.

నేను అక్కడ ఇంకో ఏడాది ఉన్నాను. డ్రెస్సింగ్ గదికి గాజ్ కావాలంటే రోజూ పైకి వెళ్ళి బున్మి దగ్గర తెచ్చుకోవాలి. ఇతర నర్సులు వెళ్తే కట్ట చేతిలో పెట్టి పంపేసేది. నేను వెళ్తే కట్ట దారం విప్పి, గుడ్డలు నా ముందుకు తోసి, "సిస్టర్, కౌంట్" అనేది. ఆమె భాషలోనే పైకి లెక్కపెట్టేదాన్ని, ఫూన్ నుంగ్, సోంగ్ ఫూన్, సామ్ ఫూన్. తప్పు పలికినా దిద్దేది కాదు, నవ్వేది కాదు. నాకు కోపం రాలేదు, సిగ్గేసేది. రోజూ సిగ్గేసేది. సిప్ ఫూన్ అనేదాకా ఆమె నా ఎడమచేతి మీంచి చూపు తిప్పేది కాదు.